పన్నెండో కుర్చీ

ఈ అల్యూమినియం గిన్నెను ఎంత తోమినా సాంబారు వాసన పోదు. ఆదివారం ఆరాధన అయ్యాక అందరం కలిసి తినే ప్రేమవిందులో సంఘమంతటికీ ఇందులోనే సాంబారు కాస్తాం. ఏడాదికి ఒక్కరోజు మాత్రం, గుడ్ ఫ్రైడే ముందు గురువారం సాయంత్రం, ఇందులో ఉత్త నీళ్ళు కాగుతాయి. ఇప్పుడు అమీర్‌పేటలో మా చర్చి వెనక వంటగదిలో స్టవ్ దగ్గర నిలబడి ఉన్నాను. కిటికీ అవతల మెట్రో రైలు గడగడమంటూ పోతోంది, గిన్నె లోంచి ఆవిరి లేస్తోంది. ఆ ఆవిరిలో కరివేపాకు, ఇంగువ, చింతపండు కలిసిన పాత వాసన ముక్కుకు తగలగానే నాకు జకరయ్య అయ్యగారు గుర్తొస్తారు. పాదాలు కడిగే నీళ్ళకు సాంబారు వాసన ఏమిటని కొత్తవాళ్ళు ముక్కు చిట్లిస్తారు. అసలు నీళ్ళు కాచడం ఎందుకు మొదలైందో తెలిస్తే చిట్లించరు. అది చెప్పాలంటే ముందు ఆయన్ని మీకు పరిచయం చెయ్యాలి.

మేము పాస్టరు గారిని అయ్యగారు అంటాం. జకరయ్య అయ్యగారిది మెదక్ వైపు పల్లె. తండ్రి తాపీ మేస్త్రీ. మనిషి పొట్టి, గొంతు మాత్రం పెద్దది, అందులో శ్రుతి లేదు. పాట మొదలుపెడితే హార్మోనియం వాయించే ఆయన పాట వెంట పరుగెత్తలేక చేతులు ఎత్తేసేవాడు. టీ లేకపోతే ఆయనకు ప్రార్థన సాగదు, ప్రార్థన మొదలైతే టీ చల్లారిపోయేదాకా ఆగదు. ఇలాంటి మనిషిని నా జీవితంలో నేను చూసిన పెద్దవాళ్ళందరి కన్నా పెద్దవాడు అంటున్నానంటే, ఊరికే అనడం లేదు.

నేను పాలకొల్లు నుంచి కంప్యూటర్ కోర్సు చేద్దామని వచ్చి అమీర్‌పేటలో ఒక లేడీస్ హాస్టల్లో దిగాను. హాస్టల్ గదిలో నాకు దక్కింది ఒక మంచం, సగం అల్మారా. మొదటి ఆదివారం చర్చి వెతుక్కుంటూ వచ్చాను. అప్పటికీ ఇప్పటికీ మా చర్చి ఒక పాత బిల్డింగులో రెండో అంతస్తు. మొదటి అంతస్తులో జావా నేర్పే ఇన్‌స్టిట్యూట్. ల్యాబులోకి దుమ్ము రాకూడదని వాళ్ళూ చెప్పులు బయటే విప్పించేవారు. మెట్ల నిండా చెప్పులే. మా నాన్న కొనిపెట్టిన కొత్త శాండల్స్ అక్కడ వదలడానికి నాకు ప్రాణం ఒప్పలేదు. మెట్ల మీద తెల్ల చొక్కా చేతులు మడిచి ఒకాయన వంగి, చెప్పుల జతలన్నీ గుమ్మం వైపుకు తిప్పి పెడుతున్నాడు.

"అంకుల్, ఇవి కొత్తవండీ. కాస్త చూస్తుంటారా?" అన్నాను.

"చూస్త బిడ్డా. ఏం ఫికర్ చెయ్యకు. లోపలికి పో, పాట షురువైంది," అన్నాడాయన.

లోపలికి వెళ్ళి కూర్చున్నాను. పాటలు అయ్యాయి. ప్రసంగానికి లేచి వేదిక ఎక్కిన మనిషిని చూద్దును కదా, ఆయనే. బైబిలు తెరుస్తూ, "ఇయ్యాల జర జల్ది ముగిస్త. ఒక బిడ్డ చెప్పులకు కావలి ఉంటనని మాటిచ్చి వచ్చిన," అన్నాడు. హాలంతా నవ్వింది. నేను తల దించుకున్నాను. అన్నట్టే త్వరగా ముగించాడు, అది మా సంఘ చరిత్రలో అరుదైన సంగతని తరవాత తెలిసింది. బయటికొస్తే నా శాండల్స్ పక్కనే నిలబడి ఉన్నాడు.

"మంచిగున్నయి. మీ నాయిన కొనిచ్చిండా?" అని అడిగాడు. ఆ ఊళ్ళో నన్ను మా నాన్న గురించి అడిగిన మొదటి మనిషి ఆయనే. హాస్టల్‌కు తిరిగి వెళ్తూ దారంతా ఏడ్చాను, అది దిగులు ఏడుపు మాత్రం కాదు.

ఆ చెప్పులు సర్దే అలవాటు ఎందుకని చాలామంది అడిగేవారు. ముసలివాళ్ళు, పిల్లల తల్లులు దిగేటప్పుడు మెట్ల మీద వెనక్కి తిరిగి చెప్పులు వెతుక్కుంటూ తడబడతారని, అందుకే తిప్పి పెడతానని చెప్పేవాడు. అందులో జావా క్లాసు వాళ్ళవి కూడా ఉంటాయి కదా, అవి ఎందుకు సర్దడం అని ఒకసారి నేనే అడిగాను. "జావా చెప్పులో, యేసయ్య చెప్పులో నాకేమెరుక బిడ్డా? అన్ని కాళ్ళయే," అన్నాడు. ఆయన భార్య ఎస్తేరమ్మగారు పక్కనుంచి, "ఊరోళ్ళ చెప్పులు సర్దుతడు గని, ఇంట్ల తన అంగీ తీసి దండెం మీద ఏసుడు రాదు," అని దెప్పేది. అదీ నిజమే. పంజాగుట్ట వెనక సందులో వాళ్ళ రెండు గదుల ఇంటికి వెళ్తే కుర్చీల మీద ఆయన బట్టలే కూర్చుని ఉండేవి, మనకు చోటుండేది కాదు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఆ రెండు గదుల్లోంచే ఎస్తేరమ్మగారు రోజూ గంజి కాచి హాస్టల్‌కు తెచ్చేది. నాకు ఈ ఊళ్ళో ఇల్లంటూ ఉంటే అది ఆ చర్చే. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు ముందు పనిపడుతుంది.

కోర్సు అయి, ఉద్యోగం వచ్చి, కొన్నేళ్ళకు పంజాగుట్టలో ఒక చిన్న కంపెనీలో టీమ్ లీడ్‌ను అయ్యాను. ఆ వార్త చెప్పాలని స్వీటు డబ్బా పట్టుకుని నేరుగా చర్చికి వెళ్ళాను. మండు వేసవి. అయ్యగారు నీళ్ళ క్యాను ఈడ్చుకుంటూ మెట్లెక్కుతున్నారు. స్వీటు సంగతి తరవాత, ముందు రెండో వైపు పట్టుకోమన్నారు. ఇద్దరం కలిసి మోస్తుంటే ఆగలేక చెప్పేశాను, "అయ్యగారూ, నా కింద ఎనిమిది మంది పనిచేస్తారు ఇప్పుడు!"

"నీ కిందనా?" అని మెట్ల మధ్యలో ఆగాడు. "మా నాయిన ఇండ్లు కట్టిండు బిడ్డా. పునాదిని తీస్కపోయి మిద్దె మీద పెట్టుడు నేనైతే ఎన్నడు చూడలే. ఎనిమిది మందిని మొయ్యాల్నంటే నువ్వే కిందికి పోవాలె. పట్టు, క్యాను జారుతున్నది."

నాకు చిర్రెత్తింది. శభాష్ అంటాడేమో అని వస్తే క్యాను మోయించి, పైగా నన్ను పునాదిలో పాతిపెట్టాడు. పైకి వెళ్ళాక మాత్రం స్వీటు డబ్బా తీసుకుని, కనబడిన ప్రతివాడికీ, చివరికి జావా ఇన్‌స్టిట్యూట్ వాచ్‌మన్‌కు కూడా, "మా బిడ్డ పెద్ద లీడరైంది," అని చెప్పుకుంటూ పంచాడు. ఆయన వాటాకు ముక్క మిగల్లేదు. ఆఫీసులో ఆ తరవాత పని బిగిసిపోయినప్పుడల్లా, ఎవరి మీదైనా అరవబోయినప్పుడల్లా, ఆ క్యాను బరువు నా చేతికి తెలిసేది. అరవడం పూర్తిగా మానేశానని చెప్పను. తగ్గించాను.

ఇక అసలు సంగతి. యేసు చనిపోవడానికి ముందు సాయంత్రం నడుముకు తువ్వాలు కట్టుకుని, పళ్ళెంలో నీళ్ళు పోసి, తన పన్నెండు మంది శిష్యుల పాదాలు కడిగాడు. గురువు శిష్యుడి కాళ్ళు కడగడం! మాలో పెద్దరికం అంటే ఏమిటో ఆ పళ్ళెంలో ఉందని పెద్దలు చెబుతారు. దాని జ్ఞాపకంగా మా చర్చిలో ఏటా ఆ గురువారం వేదిక ముందు పన్నెండు కుర్చీలు వరసగా వేసి, సంఘంలో పన్నెండు మంది పాదాలు అయ్యగారు కడిగేవారు. వినడానికి ఎంతో బాగుంది కదా. మనుషులం కదా, దాన్నీ ఊరికే వదల్లేదు. వరసలో మొదటి కుర్చీకి ఎవరో పేతురు కుర్చీ అని పేరుపెట్టారు, పెద్ద శిష్యుడని. దాంతో అది గౌరవమైపోయింది. చివరిది, పన్నెండోది, యేసును పట్టించిన యూదా కుర్చీ అయింది. అందులో కూర్చోమంటే అందరూ గోడ వైపు చూసేవారు. ఏ ఊరి నుంచో కొత్తగా వచ్చి, ఆ పేరు తెలియని అమాయకుణ్ణి పట్టుకొచ్చి అందులో కుదేసేవారు. తరవాత ఎవరో వాడి చెవిలో ఊదేవారు. మరుసటేడు వాడు ఆ గురువారం ఛాయలకు కూడా రాడు.

పేతురు కుర్చీలో ఏటా కూర్చునేది సుందరరావుగారు. గుంటూరు వైపు మనిషి, రిటైరైన ఆఫీసరు, ఇస్త్రీ మడత నలగని మనిషి. ఈ హాలు వెతికి పెట్టింది ఆయనే. ఆయనకు పోటీ బాలరాజన్న. అమీర్‌పేటలోనే ఎలక్ట్రికల్ షాపు, సిద్దిపేట వైపు వాళ్ళు. చర్చిలో తిరిగే ప్రతి ఫ్యానూ, పలికే ప్రతి మైకూ ఆయన చేతి మీదుగా వచ్చిందే, సంఘంలో సగం కుటుంబాలు కూడా ఆయన తెచ్చినవే. ఒక ఏడు బాలరాజన్న మనుషులు, ఈసారి మొదటి కుర్చీ మా అన్నదే అన్నారు. అయ్యగారు పెద్దల్ని కూర్చోబెట్టారు. ఆదివారం బడి నేను చూసేదాన్ని కాబట్టి నన్నూ పిలిచారు.

"నేనేం అడిగి కూర్చోలేదండీ. కూర్చోమన్నారు, కూర్చున్నాను. ఇప్పుడు లెమ్మంటే ఏంటి అర్థం? నేనేదో తప్పు చేశాననేగా?" అన్నారు సుందరరావుగారు.

"తప్పని ఎవరన్నరు సారూ? ఇన్నేండ్లు మీరే కూసున్నరు. మా వంతు ఎన్నడు?" అన్నాడు బాలరాజన్న. "కుదరదంటే చెప్పుండ్రి. పంజాగుట్టల ఒక హాలు మాట్లాడినం. ఈస్టర్ సంది మా ఆరాధన మేం ఆడ్నే చేసుకుంటం."

సంఘాలు చీలిపోవడం నేను ఎరుగుదును. ఒకసారి చీలితే ఒకే వీధిలో ఎదురుపడ్డా పలకరించుకోరు, పెళ్ళిళ్ళకూ చావులకూ కూడా రారు. నాకు గంజి తెచ్చిన ఇల్లు నా కళ్ళముందే రెండుగా చీలబోతోంది. అయ్యగారు ఇద్దరికీ సర్దిచెబుతారని చూశాను. ఆయన టీ తాగి, గ్లాసు కింద పెట్టి, "గురువారం అందరు రాండ్రి. కుర్చీలు నేనే ఏస్త," అన్నారు. అంతే. ఆ రోజు ఆయన మీద నాకు మహా కోపం వచ్చింది. పెద్దమనిషి అన్నాక ఒక మాట అనాలా వద్దా?

గురువారం సాయంత్రం హాలు కిక్కిరిసింది. మధ్య దారికి ఇటు వాళ్ళు, అటు వీళ్ళు. కుర్చీలు గుండ్రంగా వేసి ఉంటారు, మొదలూ చివరా లేకుండా చేస్తారు అని మనసులో అనుకున్నాను. అబ్బే. ఎప్పటిలాగే బారుగా వేశారు. ఒక్కరూ వచ్చి కూర్చోలేదు. అయ్యగారు నడుముకు తువ్వాలు కట్టుకుని, బేసిను నిండా నీళ్ళతో వచ్చారు. మొదటి కుర్చీ దాటారు. రెండోది, మూడోది, అన్నీ దాటుకుంటూ పోయి, చివరి కుర్చీ ముందు బేసిను పెట్టారు. తువ్వాలు విప్పి పక్కన పెట్టారు. ప్యాంటు మడిచి, ఆ కుర్చీలో కూర్చుని, తన రెండు కాళ్ళూ బేసినులో పెట్టుకున్నారు.

"అయ్యో, ఏందయ్యా ఇది! అది యూదా కుర్చీ! లే ఆడికెల్లి!" అని ఎస్తేరమ్మగారు ఆడవాళ్ళ మధ్య నుంచి గట్టిగా అరిచేసింది.

"ఎరుకేనే," అన్నాడాయన. తరవాత మా అందరి వైపు చూశాడు. "యేసయ్య ఆ దినం పన్నెండు మంది కాళ్ళు కడిగిండు. పదకొండు మందియి కాదు. వీడు నన్ను పట్టిస్తడని ఎరుకుండి సుత వాని ముంగట మోకాళ్ళ మీద కూసున్నడు. మొదటి కుర్చీ ఎవరిదంటే నాకు తెల్వది. గీ కుర్చీల కూసున్నోని కాళ్ళు కడిగెటోడు మాత్రం నా లెక్కల ఈ సంఘానికి పెద్ద. నేను కూసున్న. ఎవరొస్తరో రాండ్రి. రాకుంటే గిట్లనే కూసుంట."

బాలరాజన్న బిగించిన ఫ్యాన్లు తిరుగుతున్నాయి. కింద అంతస్తులో జావా మాస్టారు మైకులో పాఠం చెప్పుకుపోతున్నాడు. అయ్యగారు నిజంగానే రాత్రంతా అలా కూర్చుంటారని నాకు తెలుసు, అంత మొండి ఆయన. ఎవరూ లేవకపోతే ఆ రాత్రితో మా సంఘం అయిపోయినట్టే. నేను లేవాలనుకున్నాను. లేవలేదు. అప్పటికి మాలో ఆడవాళ్ళు ఆ బేసిను ముట్టింది లేదు.

కుర్చీ జరిగిన చప్పుడైంది. సుందరరావుగారు లేచారు. "నాకు మోకాళ్ళు వంగవండీ," అని ఎవరితోనో కాదు, తనలో తనే అనుకుంటూ ముందుకు నడిచారు. కుర్చీ చెయ్యి పట్టుకుని వంగబోయి తూలారు. అటువైపు నుంచి బాలరాజన్న ఒక్క అంగలో వచ్చి ఆయన చంకల కింద చేతులు వేసి పట్టుకున్నాడు. "మెల్లగ సారూ, మెల్లగ. నేను పట్టుకున్న," అంటూ కింద కూర్చోబెట్టాడు. కూర్చోబెట్టి, తను నిలబడి ఉండలేకపోయాడు. పక్కనే మోకాళ్ళ మీద కూలబడి మగ్గు అందుకున్నాడు. ఒకరు నీళ్ళు పోశారు, ఒకరు కడిగారు. మా మెట్ల దుమ్మంతా పట్టి, పగుళ్ళు తేలిన మడమలవి. సుందరరావుగారు ఇస్త్రీ చొక్కా చేతులు తడిసిపోతున్నా పట్టించుకోకుండా ఒక్కో పగులూ రుద్ది కడుగుతూ ఏడ్చేశారు. బాలరాజన్న తల ఎత్తలేదు. హాల్లో సగం మంది ఏడుస్తున్నాం.

అప్పుడు అయ్యగారు కాళ్ళు ఒక్కసారి పైకి లాక్కుని, "అబ్బ! నీళ్ళు గింత సల్లగున్నయేంది? ఇన్నేండ్ల సంది మీ కాళ్ళు గీ నీళ్ళతోని కడిగిన్నా? ఒక్కరన్న చెప్పకపోతిరి!" అన్నారు.

"మీరు కింద కూర్చుని కడుగుతుంటే చల్లగా ఉన్నాయని ఎలా చెబుతామండీ?" అన్నారు సుందరరావుగారు, ముక్కు చీదుకుంటూ.

ముందు బాలరాజన్న నవ్వాడు. తరవాత హాలంతా. ఏడుపూ నవ్వూ కలిసిపోయి, కింద జావా మాస్టారు కూడా ఏమైందో అని పాఠం ఆపేశాడు. ఈస్టర్ అందరం ఇక్కడే చేసుకున్నాం. పంజాగుట్ట హాలు ఏమైందని ఎవరో అడిగితే, "మా మనుమరాలి పుట్టినరోజుకు వాడుకుంటం తియ్యి," అన్నాడు బాలరాజన్న. ఆ పుట్టినరోజుకు కేకు కోసే ముందు ప్రార్థన చేసింది సుందరరావుగారే. మరుసటేటి నుంచి గురువారం నీళ్ళు కాచడం మొదలైంది. కాళ్ళు చాపి కూర్చుంటే తప్ప నీళ్ళ చల్లదనం తెలియదని అయ్యగారు ఆ ఏడంతా చెప్పిందే చెప్పారు, మాకు విసుగొచ్చేదాకా.

నేను ఆయన కూటంలో పెరిగినదాన్నని చెప్పుకోవడం నాకు గర్వం. దాచుకోను. బంజారా హిల్స్‌లో పెద్ద పెద్ద హోటళ్ళలో నాయకత్వం మీద శిక్షణ ఇస్తామని మా కంపెనీ నన్ను చాలాసార్లు పంపింది. బొమ్మలు, బాణాలు వేసి బాగానే చెబుతారు. వింటూ కూర్చుంటాను, నా ధ్యాస మాత్రం ఆ బేసిను దగ్గరికే పోతుంది. సేవ చెయ్యడం చాలామందికి చేతనవుతుంది. చేయించుకోవడానికి కూర్చోవడం, అదీ ఎవరూ కూర్చోని చోట, అందరి ముందూ మడమలు చూపించి కూర్చోవడం, దానికి వేరే గుండె కావాలి.

ఆయన పోయినరోజు నేను ఆఫీసు నుంచి పరుగున వచ్చేసరికి మెట్ల కింద నుంచి పైదాకా చెప్పులే. జావా ఇన్‌స్టిట్యూట్ ఆ పూట క్లాసులు ఆపేసింది. మెట్ల మలుపులో సుందరరావుగారు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, "అదిగో అండీ, ఆ నల్ల జత ఇటు తిరగలేదు," అని కర్రతో చూపిస్తున్నారు. బాలరాజన్న కళ్ళు తుడుచుకుంటూ ఒక్కో జతా గుమ్మం వైపుకు తిప్పి పెడుతున్నాడు. నేను కూడా చెప్పులు విప్పి, ఆయన పక్కన కూర్చుని అందుకున్నాను. పైకి వెళ్ళి అయ్యగారిని చూడటం ఆ తరవాతే.

ఇప్పుడు ఒక తమాషా ఉంది. పన్నెండో కుర్చీకి పోటీ వచ్చింది! పోయినేడు ఇద్దరు దాని కోసం ముఖాలు మాడ్చుకున్నారు. అయ్యగారు ఉంటే పొట్ట పట్టుకుని నవ్వి, ఈసారి ఏ పదకొండో కుర్చీలోనో పోయి కూర్చునేవారు. మనుషులం ఏ మూల కుర్చీనైనా సింహాసనం చెయ్యగలం. అందుకే ఇప్పుడు అయ్యగారిగా ఉన్న వరంగల్ కుర్రాయన వంతులు పెట్టాడు, కూర్చోవడానికే కాదు, కడగడానికి కూడా. ఈ ఏడు కడిగే వంతు నాది. మా సంఘంలో ఒక ఆడది ఆ తువ్వాలు కట్టుకోవడం ఇదే మొదలు. ఎస్తేరమ్మగారు మధ్యాహ్నమే వచ్చి ఆయన తువ్వాలు నా చేతిలో పెట్టి, "ఉతికి తెచ్చిన. ఆయన ఉతికినట్టు కాదు, మంచిగనే ఉతికిన," అంది.

సుందరరావుగారు ఈ మధ్య మెట్లెక్కలేరు. బిల్డింగుకు లిఫ్టు లేదు. రానులే అన్నారట. బాలరాజన్న ఒప్పుకోలేదు. పన్నెండో కుర్చీని తనే భుజాన వేసుకుని కిందికి దింపి, మెట్ల మొదట్లో వేసి, ఆయన్ని ఆటోలో తీసుకొచ్చి అందులో కూర్చోబెట్టాడు. మొదట ఆ కుర్చీ ముందే కడిగి, తరవాత పైకి రావాలని అందరం అనుకున్నాం. కింద నుంచి బాలరాజన్న గొంతు వినిపిస్తోంది. "మొదటి కుర్చీకెల్లి ఆఖరు కుర్చీదాక వచ్చేసరికి ఇద్దరం ముసలోళ్ళం అయితిమి సారూ!" దానికి సుందరరావుగారు ఏదో అన్నారు, మెట్రో చప్పుడులో వినపడలేదు. ఇద్దరూ నవ్వుతున్నారు.

నీళ్ళు కాగాయి. ఇవి మరీ వేడి. చల్లనీళ్ళు కలిపి, పసిపిల్లలకు స్నానం పోసేటప్పుడు చూసినట్టు మోచేయి ముంచి చూశాను. ఇంకొక చెంబు పోసి మళ్ళీ చూశాను. ఇప్పుడు సరిపోయింది. తువ్వాలు నడుముకు బిగించి కట్టుకున్నాను. మెట్లు దిగేలోపు చల్లారకూడదు.